పలనాటి పుట్టగొడుగు

పిడుగురాళ్ల యను పేరు వినినవారికి తడి స్ఫురింపదు. పిడుగు నిప్పు, రాయి ఎండ. గురజాల, దాచేపల్లి, కారెంపూడి ప్రాంతములలో నేల త్రవ్విన చోట్ల సున్నపురాయి బయల్పడును. ఊరి చుట్టును సున్నపు బట్టీలు. వేసవిలో నాపరాళ్ళు పరచిన వాకిళ్ళు పెనములవలె కాగును. శ్రీనాథునిదని లోకులు చెప్పుకొను చాటువొకటి ఈ సీమలోని రాళ్ళను, పాములను, తేళ్ళను, జొన్నకూటిని వరుసగా లెక్కించి యెగతాళి చేసినది. ఆ లెక్కలో పుట్టగొడుగు లేదు. చెప్పినవారెవరైనను ఎండలలో వచ్చి ఎండలలోనే మరలిపోయిరని మా యనుమానము. తొలకరి పిదప పదిదినములు నిలిచియుండినచో ఆ లెక్కకు మరి నాలుగు చేరియుండెడివి.

మలబారువలె నిత్యము చెమ్మగిల్లు దేశములో బూజును, నత్తను, పురుగును జనులు విశేషముగా చూడరు. అవి యెప్పుడును ఉండునవే. పలనాటిలో తడి పండుగవలె వచ్చి పండుగవలె పోవును. కాబట్టి తడితో వచ్చు ప్రాణులు ఇచ్చట ఒక్కసారిగా కంటబడును. తొలివాన కురిసిన సాయంకాలము పుట్టలనుండి ఉసిళ్ళు లేచి దీపములను కమ్మును. మరునాటి యుదయమున ఎఱ్ఱని ముఖమలు ముక్కలవలె ఆరుద్రపురుగులు చేలగట్లమీద ప్రాకుచుండును. గుల్ల కట్టుకొనుటకు సున్నము కావలసిన నత్తలు, ఆ సున్నము సమృద్ధిగా గల ఈ నేలలో గోడల మొదళ్ళనుండి వెలువడును. కొన్ని దినములకు పుట్టల చుట్టు తెల్లని గొడుగులు లేచును. నానిన గడ్డివామి అడుగున పసుపుపచ్చని జిగట యొకటి పరచుకొనును. వీనిని మొదట చూచినవారెవరు, చూచినదానిని గ్రంథములకెక్కించినవారెవరు, ఈ యిరువురి నడుమ నెంత దూరమున్నది యను విషయమును గూర్చి కొంత వ్రాయదలచితిమి.

ఉరుము ఉరిమిననే పుట్టగొడుగు లేచునని మన పల్లెలలో ఒక మాట యున్నది. పిడుగు పేరు పెట్టుకొనిన యూరికి ఇది తగిన మాటయే. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు తొందరపడనక్కరలేదు. పందొమ్మిది వందల యేండ్లకు పూర్వము గ్రీకు రచయిత ప్లూటార్కు తన విందుగోష్ఠులలో, భూమిలో పెరుగు ఒకజాతి శిలీంధ్రములు ఉరుములవలన పుట్టునని జనులేల తలచుచున్నారను ప్రశ్నను విస్తరించి చర్చించెను. మన కాలములో జపానుదేశమున ఇవాటే విశ్వవిద్యాలయమువారు పుట్టగొడుగులు పెంచు దుంగలకు క్షణకాలము తీవ్రమైన విద్యుత్తును తగిలించి చూడగా దిగుబడి పెరిగినది. అయినను మన పొలములలోని గొడుగులకు పిడుగు అవసరము లేదు. ఉరుముతో వచ్చు వానయే చాలును. పల్లెవాడు రెండింటిని కలిపి చూచెను గనుక రెండింటిని కలిపి చెప్పెను.

అంతకంటె విలువైన సాక్ష్యము మన మాటలోనే యున్నది. సంస్కృతమున దీనికి ఛత్రాకము, శిలీంధ్రము, అహిచ్ఛత్రము మొదలైన పేర్లు కలవు. అహిచ్ఛత్రమనగా పాముగొడుగు. సర్పము పుట్టలో నుండును, గొడుగు పుట్టమీద లేచును, కాబట్టి గొడుగును సర్పమునకు పట్టిరి. తెలుగువాడు పామును నడుమకు తేలేదు, పుట్టగొడుగు అనెను. గొడుగు పుట్టదే. చెదలు కట్టిన మట్టిగూటికిని ఈ తెల్లని పెరుగుదలకును సంబంధము కలదని ఆ మాట పుట్టిన దినముననే నిశ్చయమైనది. ఆ సంబంధమెట్టిదో యూరపు పండితులు వ్రాయుటకు 1779వ సంవత్సరము రావలసివచ్చినది. ఆ వ్రాసినవాడును మన దేశముననే చూచి వ్రాసెను, మన తెలుగు తీరముననే కన్నుమూసెను.

ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో బాల్టికు సముద్రతీర దేశమున జన్మించెను. వృక్షశాస్త్రమునకు పునాదులు వేసిన లినేయసుకు శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనుకు వైద్యుడై వచ్చి, 1774లో ఆర్కాటు నవాబు కొలువున ప్రకృతి పరిశోధకుడై, 1778లో ఈస్టిండియా కంపెనీ యుద్యోగమున చేరెను. తంజావూరు ప్రాంతములలో పుట్టలను త్రవ్వించి, వాని గదులను, రాణిని, కూలిచెదలను, సైనికచెదలను పరీక్షించి, బెర్లిను ప్రకృతి పరిశోధకుల సంఘమువారి సంచికలో 1779లో ఒక వ్యాసము ప్రకటించెను. పుట్ట లోపల తేనెపట్టువంటి మెత్తని దిమ్మలున్నవనియు, వానిమీద ఆవగింజలవంటి తెల్లని ఉండలు పొడముచున్నవనియు ఆయన గమనించి, ఇవి చెదపిల్లల యాహారమై యుండునని యూహించెను. ఇంగ్లీషువాడైన స్మీత్‌మన్ ఆఫ్రికా పుట్టలను గూర్చి లండనులో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసము దీనికి రెండేండ్ల తరువాతిది.

కోనిగ్ వ్యాసములో మాకు మిక్కిలి నచ్చిన భాగము ఉసిళ్ళ వేటను గూర్చినది. పుట్టకు గాలి వచ్చు వైపున ఒక రంధ్రము, గాలి పోవు వైపున ఒక రంధ్రము చేయుదురట. గాలి వచ్చు వైపున దుర్గంధము గల వస్తువులను కాల్చి పొగపెట్టుదురు. రెండవ రంధ్రము కడ సువాసన గల ఆకుతో రుద్దిన కుండ నుంచుదురు. పొగకు తాళలేక ఉసిళ్ళు కుండలో పడును. వానిని పిండితో కలిపి పలువిధములైన వంటకములు చేసి బీదలకు చౌకగా అమ్ముదురట. రాణిచెదను నడుము బలమునకై ముసలివారిచే సజీవముగా మ్రింగించుటయు కలదని వ్రాసెను. ఇవి మితిమీరి తినిన కడుపునొప్పియు విరేచనములును కలిగి ప్రాణహాని యగునని హెచ్చరికయు చేసెను. ఈ కుండను పెట్టినవారు ఉసిళ్ళు లేచు దినమును, గాలి మలుపును, పుట్టలోని దారులను ఎరిగినవారు. వారిలో ఒక్కని పేరైనను ఆ వ్యాసమువలన మనకు తెలియరాలేదు. కోనిగును ఇందుకు నిందింపము. ఆయన కనీసము వారు చేయునది చూచి వ్రాసెను. మన పండితులు అదియు చేయలేదు.

కంపెనీవారి పనిమీద ఉత్తర సర్కారులకు వచ్చిన కోనిగ్, 1785 జూన్ 26వ తేదీన, నేడు కాకినాడలో భాగమైన జగన్నాథపురమున మరణించెను. సామర్లకోటలో నుండిన విలియం రాక్స్‌బరో ఆయనకు చికిత్స చేసెనుగాని ఫలింపలేదు. వ్రాతలన్నియు ఇంగ్లండులోని జోసెఫ్ బ్యాంక్సుకు చేరవలెనని కోనిగ్ వ్రాసిపెట్టెను. ఆరుద్రకార్తెలో, ఉసిళ్ళు లేచు దినములలో, పుట్టలను మొదట వర్ణించిన ఈ పరదేశి తెలుగునేలలో కలిసిపోయెను. ఆ సంగతి మన పాఠ్యపుస్తకములలో నెక్కడను మా కంటబడలేదు.

కోనిగ్ విడిచిన కథ ముగియుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. సింహళమున పేరాదెనియ యుద్యానవనములో పనిచేసిన టామ్ పెచ్ 1906లో పుట్టలోపలి దిమ్మలకును పైన లేచు గొడుగులకును గల సంబంధమును విస్తరించి చర్చించెను. 1942లో ఫ్రెంచి పండితుడు రోజే హైమ్ ఈ జాతికి టెర్మిటోమైసీస్ అని పేరిడెను. ఆ పేరునకు చెదలశిలీంధ్రమని యర్థము. చదువరులు గమనింతురుగాక, మన పల్లెటూరి మాటయే గ్రీకు వేషము వేసికొని మరల వచ్చినది. 1979లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన కె. నటరాజన్ దక్షిణ హిందూదేశమున దొరకు ఒక భేదమునకు ఆ హైమ్ పేరుననే నామకరణము చేసెను.

ఇంతకును లోపల జరుగునదేమి? కూలిచెదలు ఎండుటాకులను, పుడకలను, గడ్డిని కొఱికి తెచ్చును. కట్టెలోని గట్టి పదార్థమును అరిగించుకొనుట వానికి సాధ్యము గాదు. నమిలి మ్రింగినదానిని సగము అరుగకమునుపే విసర్జించి దిమ్మగా పేర్చి, శిలీంధ్రమును దానిలో మొలిపించును. శిలీంధ్రము ఆ కట్టెను కుళ్ళించి మెత్తపరచును. తెల్లని ఉండలను, పండిన పాత దిమ్మను చెదలు తినును. పుట్ట గోడలలోని గాలిదారులు లోపలి వేడిమిని ఇంచుమించు 30 డిగ్రీల కడ నిలుపును, చెమ్మయు తగ్గదు. బయట మే మాసమున రాళ్ళు పగులుచుండగా, మూరెడు లోతున నిత్యవర్షాకాలము. వాన పడినప్పుడు ఆ దిమ్మనుండి పొడవైన వేరువంటి కాడ మట్టిని చీల్చుకొని పైకి వచ్చి గొడుగు విప్పును. ఈ వ్యవసాయము ఇంచుమించు మూడు కోట్ల యేండ్ల క్రిందట ఆఫ్రికాలో మొదలైనదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. మనుష్యుడు నాగలి పట్టి పదివేలేండ్లు దాటినదేమో! చెదలు లేకుండ ఈ గొడుగును పంటగా పండించి అంగడికి తెచ్చు విద్య మనకు ఇంకను అలవడలేదు.

ఇట్టి విషయము మన చదువుకొన్న యిండ్లలోనికి రాకపోవుటకు కారణము లేకపోలేదు. మనుస్మృతి అయిదవ యధ్యాయమున వెల్లుల్లి, ఉల్లితోపాటు పుట్టగొడుగును ద్విజులకు నిషిద్ధాహారముగా చెప్పినది. ఉల్లికి క్రమముగా వంటయింట స్థానము దొరకినది, గొడుగునకు ఆలస్యమైనది. తినకపోవుట యెవరి యిష్టము వారిది, దానిని మేము తప్పుపట్టము. తినరానిది గనుక చూడరాదు, చూచినవారిని అడుగరాదు అను స్థితికి వచ్చుట మాత్రము నష్టము. నాగులచవితినాడు మన స్త్రీలు స్నానముచేసి తడిబట్టలతో పుట్టకు పాలు పోయుదురు. అంత దగ్గరగా వంగియు, ఆ పుట్ట కట్టినదెవరో పిల్లవాడడిగినచో చెప్పగలవారు కొందరే. పుట్టలోనిది పామని చెప్పి పంపివేయుదురు. పాము తరువాత వచ్చి కాపురమున్నదే గాని ఇల్లు కట్టినది కాదు.

పలనాడు బౌద్ధమునకు నెలవైన సీమ. మాచెర్లకు చేరువనున్న నాగార్జునకొండ ఆ సంగతిని లోకమునకు చాటినది. ఆ బౌద్ధగ్రంథములలోనే బుద్ధదేవుడు చుందుడను కమ్మరి యింట భుజించిన కడపటి భోజనమును గూర్చి వివాదమున్నది. ఆ వంటకము పేరు సూకరమద్దవము. పందిమాంసమని కొందరు, పందులు త్రొక్కిన చోట మొలచిన పుట్టగొడుగని కొందరు పూర్వవ్యాఖ్యాతల కాలమునుండియు చెప్పుచున్నారు. ఏది నిజమైనను, గొడుగు తిని ప్రాణాపాయము కలుగవచ్చునను భయము అంత పాతదని దీనివలన తెలియుచున్నది.

ఆ భయము నేటికిని నిజమే. గొర్రెల కాపరులకును, కలుపుతీయు కూలిస్త్రీలకును, నల్లమల యంచున చెంచులకును తెలిసిన తెలివి ఇచ్చట జీవన్మరణ సమస్య. పుట్టగొడుగును పెరుకునప్పుడు కాడ యెంత లోతునకు దిగినదో త్రవ్వి చూచుటలో అర్థమున్నది: పుట్టలోని దిమ్మవరకు దిగు ఆ పొడవైన వేరు, పచ్చికలో పైపైన మొలచు గొడుగునకు ఉండదు. పచ్చికబయళ్ళలో లేచు తెల్లని పెద్ద గొడుగు ఒకటి చూచుటకు తినదగినదానివలెనే యుండి, తినినవారికి తీవ్రమైన వాంతులు, విరేచనములు కలిగించును. దాని టోపీని కోసి తెల్లకాగితముపై బోర్లించి రాత్రియంతయు నుంచినచో ఆకుపచ్చని పొడి రాలును. పుట్టగొడుగు పొడి లేతగులాబి రంగుది. ఇది గుర్తించుటకు సాయమే గాని తినుటకు అనుమతి కాదు. వెండిచెంచా నల్లబడునని, వెల్లుల్లి రంగు మారునని చెప్పు పరీక్షలు నమ్మదగినవి కావు. మిక్కిలి ప్రమాదకరమైన జాతుల విషము తినిన ఆరేడు గంటలకుగాని బయటపడదు. అప్పటికి కాలేయమునకు హాని ప్రారంభమై యుండును. కనుక ఎరిగినవారు కోసినదే తినవలెను. ఆ యెరిగినవారు ముసలివారగుచున్నారు. వారి బిడ్డలు సున్నపు బట్టీలలో, పట్టణములలో కూలికి పోవుచున్నారు.

ఆరుద్రపురుగును గూర్చి నాలుగు మాటలు. దీనికి పేరు పెట్టినవాడు రైతు. పేరులోనే తేదీని వ్రాసి పెట్టెను. ఆరుద్రకార్తె జూన్ 22 ప్రాంతమున వచ్చును, పురుగును అప్పుడే వచ్చును. పురుగని యందుముగాని ఇది కీటకము కాదు; ఎనిమిది కాళ్ళు గల నల్లి జాతిది, సాలీడునకు చుట్టము. 1867లో జర్మను పండితుడు కాఖ్ దీనిని శాస్త్రగ్రంథమునకెక్కించెను. దీని దగ్గరి జాతులు చెదలను, ఉసిళ్ళను తినుచున్నట్లు పరిశోధకులు గమనించిరి. కావున తొలకరిలో ఉసిళ్ళు, ఆరుద్ర, గొడుగు ఒకదానివెంట నొకటి కనబడుట వట్టి కాకతాళీయము కాదు. కథ పుట్ట చుట్టును తిరుగుచున్నది. నూనె తీయుటకును మందులకును దీనిని బుట్టలకొలది పట్టి అమ్మువారున్నారు. ఆ మందుల గుణమును గూర్చి మాకు నమ్మకము తక్కువ.

ఇక గడ్డివామి అడుగునున్న పసుపుపచ్చని జిగట. పుట్టగొడుగునకు, ఉసిళ్ళకు, ఆరుద్రకు చక్కని పేర్లు పెట్టిన తెలుగువాడు దీనికి పేరు పెట్టినట్లు కానరాదు. ఎవరో కక్కినట్లున్నదని పారతో ఎత్తి పారవేయును. ఇంగ్లీషువారును దానిని కుక్కకక్కు అనియే పిలుతురు. అసహ్యము ఒక్క జాతి సొత్తు కాదు. మేము జిగురుబూజు అందుము. లినేయసు 1763లో దీనిని రొట్టెమీది బూజుతో చేర్చెను. అంతన్ దె బారీ 1859లో దీని విత్తులనుండి ప్రాకెడు సూక్ష్మజీవులు వెలువడుటను వివరించి, ఇది బూజు కాదు, జంతువులకు చేరువైనదని వాదించెను. నేడు దీనిని అమీబాల వంశమున చేర్చుచున్నారు. గడ్డిమీద చేటంత పరచుకొనిన జిగట అంతయు ఒకే కణము. దానిలో కేంద్రకములు మాత్రము లెక్కకు మిక్కిలి. అది నెమ్మదిగా ప్రాకి సూక్ష్మజీవులను మ్రింగును. 2000 సంవత్సరమున జపానువాడైన నాకగాకి దీని జాతిని చిక్కుదారుల పెట్టెలో నుంచి రెండు కొసల ఆహారము పెట్టగా, మిగిలిన దారులను విడిచి దగ్గరిదారినే పట్టినది. 2010లో టోకియో చుట్టునున్న పట్టణముల స్థానములలో ఓటు గింజల రవ్వ నుంచగా, ఇంజనీర్లు నిర్మించిన రైలుమార్గములకు పోలిన దారులను అది అల్లినది. మెదడు లేదు, నాడి లేదు.

పలనాటికి దీనిలో తగిన గుణమొకటి కలదు. నేల ఎండినప్పుడు ఇది చావదు. గట్టి పెచ్చుగా బిగిసి మాసములకొలది పడియుండి, నీరు తగులగనే మరల ప్రాకును. దక్షిణ హిందూదేశపు జిగురుబూజులను ఏరి, పోల్చి, 1950 తరువాతి యేండ్లలో వరుసగా వ్యాసములు వ్రాసినవాడు వి. అగ్నిహోత్రుడు. పంజాబునకు చెందిన కె. ఎస్. థింద్ దేశమునంతటి జాతులను గూర్చి 1977లో గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథములు పండితుల అలమారలు దాటి బయటికి రాలేదు. జిగట యనిన ముక్కు మూసికొనువారికి ఇంకొక సంగతి చెప్పుదుము. భీమవరమున 1895లో పుట్టి, అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమును నడపిన యెల్లాప్రగడ సుబ్బారావు కాలముననే, మన్నులోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందు 1948లో వెలువడినది. ఆయన మరణించిన అయిదేండ్లకు, మురుగునీటిని వడగట్టు రాళ్ళమీది జిగటలో పెరుగు ఒక శిలీంధ్రమునకు హెసెల్టైన్ అను పండితుడు సుబ్బరోమైసీస్ అని పేరు పెట్టెను. మహనీయునకు అంతకంటె తగిన స్మారకము రాతితో కట్టలేము.

1967లో నాగార్జునసాగరము కుడికాలువకు నీరు వదలినప్పటినుండి పలనాటి తడి స్వభావమే మారినది. జొన్నచేల చోట వరిమళ్ళు, వరిమళ్ళతో వరిగడ్డి, గడ్డితో మరియొక పుట్టగొడుగు. వరిగడ్డిపై పెంచు గొడుగును మన దేశమున మొదట 1943లో కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనాలయమున థామస్, రామకృష్ణన్, నరసింహులు సాగుచేసి చూపిరి. గుంటూరు మండలము అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోనిదే. ఇప్పుడు సంతలలో పొట్లములు కట్టి అమ్ముచున్నారు. నిషేధములు చదివిన యిండ్లలోనివారును కొని వండుచున్నారు. దానిని చూచి సంతోషింతుము. పొట్లములోనిది కంపెనీవారు చెప్పినది గనుక నమ్ముచున్నాము, కలుపుకూలి చెప్పినది నమ్మము; ఇది మాత్రము మాకు వింతగా నున్నది.

ఇదే కాలమున కాలువ క్రింది చేలను యంత్రములతో చదును చేయుచు, గట్లమీది పుట్టలను త్రవ్వి పారవేయుచున్నారు. పైమట్టి పోయినను లోతున రాణి బ్రదికియున్నచో చెదలు మరల పుట్ట పెట్టుకొనగలవు. రాణియు దిమ్మలును పోయిన చోట గొడుగు లేవదు. అక్కడ ఏటేట ఆ గొడుగును కోసిన స్త్రీకి చూపించుటకు చోటుండదు, ఆమె కూతురునకు నేర్చుకొనుటకు ఉండదు.

పిడుగురాళ్ల చుట్టుపట్ల బడిపంతుళ్ళకును, చదువుకొన్న గృహిణులకును మా మనవి యొకటి కలదు. ఒక కాగితపు పుస్తకము కుట్టుకొని, మీ పొలమున పనిచేయు పెద్దమ్మను కూర్చుండబెట్టుకొని, ఏ గొడుగును ఏ పేరున పిలుచునో, ఏ పుట్టకడ ఏ వానకు లేచునో, దేనిని ముట్టదో, ఎందుకు ముట్టదో ఆమె మాటలలోనే వ్రాయుడు. పేరు వ్రాయుటకు ఆమె యొప్పుకొనినచో ఆమె పేరును వ్రాయుడు. కోనిగ్ వ్రాయక విడిచిన పుట ఇదియే. ఆరుద్రకార్తె జూన్ 22 ప్రాంతమున ప్రవేశించును. పుస్తకము అంతకు ముందే కుట్టియుంచవలెను.